మూడు వేళ్ళ జబ్బు, ఒళ్ళంతా నొప్పి: ఒక కార్పల్ టనెల్ కేసులో నేను తప్పు చదివిన కొలతలు

నేపథ్యం

హన్మకొండలోని మా చిన్న ఫిజియోథెరపీ క్లినిక్‌కు చేతి తిమ్మిర్లతో వచ్చే ఆడవాళ్ళలో బీడీలు చుట్టేవారు చాలామంది ఉంటారు. జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి, నిజామాబాద్ ప్రాంతాల్లో ఇంటి అరుగు మీద కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టడం తరతరాలుగా ఆడవాళ్ళ చేతి పని. కూలి వెయ్యి బీడీల లెక్కన ఇస్తారు కాబట్టి, పని నిండిన రోజున కత్తెర పట్టు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చుట్టుడు, దారం ముడి, ఒక్కొక్కటీ వెయ్యి సార్లు జరుగుతాయి. ముంజేతి నుంచి అరచేతిలోకి పోయే మీడియన్ నాడి మణికట్టు దగ్గర ఒక ఇరుకు సొరంగం గుండా పోతుంది, దాని పేరే కార్పల్ టనెల్. చేతికి ఇంత పని చెప్పే వృత్తిలో ఆ నాడి అక్కడ నలగడం ఆశ్చర్యం కలిగించే సంగతి కాదు.

ఈ కేసులోని ఆమెకు 44 ఏళ్ళు. పన్నెండు, పదమూడేళ్ళ వయసు నుంచి బీడీలు చేస్తున్నారు. కుడిచేతి వాటం. ఊరి పేరూ, కుటుంబ వివరాలూ గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను. కొలతలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను. రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. ఈ కేసును ఎంచుకోవడానికి కారణం ఆమెకు నయం కావడం కాదు. మొదటి రోజు పరీక్షలు చూసి నేను ఒక జోస్యం చెప్పాను, అది తప్పింది. ఎందుకు తప్పిందో అర్థం చేసుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది.

మా దగ్గరికి వచ్చేనాటికి ఇబ్బంది మొదలై ఎనిమిది నెలలు దాటింది. నొప్పి మాత్రలు, విటమిన్ సూదులు, మెడికల్ షాపులో కొన్న మణికట్టు పట్టీ, ఇంకొక చోట పది రోజుల మైనపు కాపడం, అన్నీ అయిపోయాయి. ఎముకల డాక్టరు థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించి రెండూ సరిగానే ఉన్నాయని చూసుకున్నారు. ఈ జబ్బు వెనుక ఆ రెండింటిలో ఒకటి దాక్కుని ఉండడం తరచూ జరిగేదే కనుక, ఆ పరీక్షలు కాకుండా చేతికి చికిత్స మొదలుపెట్టడం నాకు ఇష్టం ఉండదు. నాడీ ప్రసార పరీక్షలో కుడి మీడియన్ నాడి మోటార్ లేటెన్సీ, అంటే సంకేతం మణికట్టు దాటి బొటనవేలి కండను చేరడానికి పట్టే సమయం, మామూలు కంటే ఎక్కువగా 5.1 మిల్లీసెకన్లు వచ్చింది, స్పర్శ సంకేతానికి పట్టే సెన్సరీ లేటెన్సీ కూడా పెరిగింది. మధ్యస్థ స్థాయి కార్పల్ టనెల్ అని రిపోర్టు. ఎడమ చేయి మామూలుగానే ఉంది. బొటనవేలి మొదట్లోని కండ తగ్గలేదు, వేలిని పైకి లేపే బలం మాత్రం కొద్దిగా తగ్గింది. ఆపరేషన్‌కు తొందర లేదనీ, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఫిజియోథెరపీ చేసి చూడమనీ డాక్టరు చీటీ రాసి పంపారు.

వచ్చిన సమస్య

మొదటి రోజు నేను ఒక కాగితం మీద రెండు చేతుల బొమ్మలు గీసి, ఎర్ర స్కెచ్ పెన్ను ఇచ్చి, తిమ్మిరి ఎక్కడెక్కడ ఉందో రంగు వేయమంటాను. మీడియన్ నాడి చర్మానికి ఇచ్చే జాగా బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపు వేలిలో సగం. అరచేతి మొదలుకు స్పర్శనిచ్చే కొమ్మ టనెల్ బయటి నుంచి పోతుంది కనుక అక్కడ సాధారణంగా తిమ్మిరి ఉండకూడదు. ఆమె మాత్రం కుడి చేతిని చిటికెన వేలుతో సహా మొత్తం ఎర్రగా నింపి, బొమ్మలో చోటు చాలక కాగితం అంచు దాకా గీతలు లాగి, ఎడమ చేతిలో కూడా సగం నింపారు.

"ఈ వేలుకున్నది, ఆ వేలుకు లేదని ఎట్ల జెప్పాలె సారూ? రాత్రి రెండు గంటలకు లేస్తే చెయ్యి నాది గానట్టే ఉంటది. జాడిచ్చి జాడిచ్చి మల్ల పంటున్న," అన్నారు.

చేయి జాడించడం ఈ జబ్బులో తరచూ కనిపించే గుర్తు. మణికట్టును ముందుకు వంచి పట్టే ఫేలెన్ పరీక్షలో 60 సెకన్లు పెట్టవలసిన చోట 20 సెకన్లకే తిమ్మిరి వచ్చింది. మణికట్టు మీద బొటనవేళ్ళతో నొక్కి పట్టే డర్కన్ పరీక్షలో 10 సెకన్లు పట్టలేదు. మెడ నుంచి వచ్చే నాడీమూల సమస్య ఉన్నట్టు స్పర్లింగ్ పరీక్షలో తేలలేదు గానీ, మెడ వెనక్కి వంచడం తగ్గింది, వంచినప్పుడు భుజం దాకా గుంజుడు ఉంది. ఈ జబ్బు తీవ్రతను 1 నుంచి 5 దాకా కొలిచే బోస్టన్ ప్రశ్నావళిలో (ఎక్కువైతే ఇబ్బంది ఎక్కువ) లక్షణాల స్కోరు 3.5, పని స్కోరు 3.1. రాత్రి నాలుగు సార్లు మెలకువ.

తరువాత నొప్పి సున్నితత్వం చూశాను. చదరపు సెంటీమీటరు రబ్బరు కొస ఉన్న చేతి అల్గోమీటరుతో మెల్లగా నొక్కుతూ పోయి, ఒత్తిడి నొప్పిగా మారిన క్షణంలో ముల్లు ఎక్కడ ఉందో రాసుకోవడం ఈ పరీక్ష. పేరు ఒత్తిడి నొప్పి పరిమితి. అంకె ఎంత తక్కువైతే సున్నితత్వం అంత ఎక్కువ. మొదటి విడత కొలతలు అన్నీ వింతగా ఎక్కువ వచ్చాయి. ఆమె ముఖం చూస్తే పళ్ళు బిగపట్టి ఉన్నారు. "నొప్పి అయితుందా అక్కా?" అంటే, "అయితుంది గానీ ఓర్చుకుంటున్న," అన్నారు. తప్పు నాదే. నేను "చెప్పు" అన్న మాటను ఆమె ఓపికకు పెట్టిన పరీక్షగా అర్థం చేసుకున్నారు. ఓర్చుకోగలిగిన హద్దు వేరు, నొప్పి మొదలయ్యే హద్దు వేరు. మనకు కావలసింది రెండోది. "ఒత్తుడు నొప్పిగ మారంగనే 'ఆఁ' అను, ఇండ్ల ఓర్చుకుంటే మార్కులు లేవు," అని నవ్వుతూ చెప్పి, ముంజేతి మీద రెండు సార్లు అలవాటు చేసి, మళ్ళీ మొదలుపెట్టాను.

ఈసారి వచ్చిన సగటులు ఇవి. కుడి మణికట్టు మీద 1.6 కేజీలు, ఎడమ మణికట్టు మీద 1.8, మెడలో అయిదు, ఆరు వెన్నుపూసల కీలు మీద కుడివైపు 1.2, ఎడమవైపు 1.3, కాలి ముందు కండరం మీద కుడివైపు 2.1, ఎడమవైపు 2.2. జబ్బు మణికట్టులో ఉంటే కాలి మీద ఎందుకు కొలవాలని కొత్తగా చేరిన విద్యార్థులు అడుగుతుంటారు. కాలికి మీడియన్ నాడితో ఏ సంబంధమూ లేదు, అందుకే అక్కడ కొలుస్తాం. ఇదే పరికరంతో నొప్పి లేని ఈ వయసు ఆడవాళ్ళకు కాలి మీద మా దగ్గర మామూలుగా మూడున్నరకు పైనే వస్తుంది. ఆమెకు అక్కడ కూడా తక్కువ వచ్చిందంటే వెన్నుపాము, మెదడు స్థాయిలో నొప్పి సంకేతాలు పెద్దవయి వినిపిస్తున్నాయని ఒక అనుమానం. దీన్నే సెంట్రల్ సెన్సిటైజేషన్ అంటాం. మణికట్టు మీద పది సెకన్లు ఐసు గడ్డ పెడితే నొప్పి 10కి 6 అన్నారు. చల్లదనానికి అంత నొప్పి రావడం కూడా అదే దిక్కు చూపిస్తుంది.

మొదట చేసినది

ఆ రోజు సాయంత్రం నేను డాక్టరుకు ఫోను చేసి చెప్పిన మాట నాకు ఇప్పటికీ ఇబ్బందిగా గుర్తుంది. సున్నితత్వం ఒళ్ళంతా వ్యాపించింది కాబట్టి చేతి చికిత్సకు లొంగకపోవచ్చు, ఆరు వారాలు వృథా చేయకుండా ఆపరేషన్ సంగతి ఆలోచించడం మేలేమో అన్నాను. మెడ బెణుకు తరువాతి నొప్పిలోనూ, మోచేతి బయటివైపు నొప్పిలోనూ చల్లదనానికి అతిగా నొప్పి రావడం చెడ్డ ఫలితానికి ముందుగుర్తు అని చదివి ఉన్నాను. అది నిజమే. ఒక జబ్బు గురించి తెలిసిన దాన్ని ఇంకో జబ్బుకు తగిలించాను, తప్పు అక్కడ జరిగింది. డాక్టరు నాకంటే నిదానమైన మనిషి. ఆరు వారాలు అన్నాను, ఆరు వారాలు చూడు అన్నారు.

జోస్యం అలా చెప్పి, చికిత్స మాత్రం ఏ సున్నితత్వమూ లేని మనిషికి చేసినట్టు చేశాను. రెండూ పొసగవని అప్పుడు తోచలేదు. మొదటి రెండు వారాల్లో నాలుగు సార్లు వచ్చారు. మణికట్టు ముందున్న అడ్డపట్టీ లిగమెంటు మీద లోతుగా ఒత్తి సాగదీయడం, మీడియన్ నాడిని రెండు కొసలా ఒకేసారి లాగే టెన్షనర్ వ్యాయామం, అదీ ఇంట్లో గంట గంటకూ పది సార్లు. నాడి ఇరుకు చోట అతుక్కుని ఉంది, కదిలితే బాగవుతుంది అన్నది నా తర్కం. ఆ తర్కంలో తప్పు లేదు, కానీ ఏ నాడికి ఎంత కదలిక అన్న ప్రశ్న నేను వేసుకోలేదు.

ఆ రెండు వారాల్లో చేసిన ఒక పని మాత్రం నిలిచింది. ఆమె తెచ్చిన పట్టీని విప్పి చూస్తే, లోపలి అల్యూమినియం పట్టె మణికట్టును వెనక్కి ఎత్తి పట్టేలా వంగి ఉంది. టనెల్ లోపల ఒత్తిడి అన్నిటికంటే తక్కువ ఉండేది మణికట్టు దాదాపు తిన్నగా ఉన్నప్పుడు. ముందుకు వంచినా వెనక్కి వంచినా పెరుగుతుంది. పట్టెను బయటికి తీసి, బల్ల అంచుకు ఆనించి తిన్నగా చేసి, మళ్ళీ దూర్చి ఇచ్చాను. అంతకంటే ముఖ్యమైన సంగతి ఆమె దాన్ని పగలు, బీడీలు చుట్టేటప్పుడు కట్టుకుని, రాత్రి పడుకునేటప్పుడు విప్పేస్తున్నారు. పగలు పట్టీతో పోట్లాడుతూ చుట్టడం వల్ల వేళ్ళు ఇంకా గట్టిగా నొక్కవలసి వచ్చేది. పగలు వద్దు, రాత్రి తప్పదు అని తిరగేశాం.

ఎక్కడ దెబ్బతిన్నది

నాలుగో సారి వచ్చినప్పుడు ఆమె కుర్చీలో కూర్చుని కుడి చేతిని ఎడమ చేతితో పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని ఉన్నారు. మెడ నుంచి వేళ్ళ దాకా మంట. రెండు రోజులు చాట ముట్టలేదు, అంటే రెండు రోజుల కూలి పోయింది. నొప్పి ముందు 7 ఉండేది, ఆ రోజు 9. ఎడమ చేతికి నేను ఏమీ చేయలేదు, అయినా అదీ పెరిగింది.

ఆ ఎడమ చేయే నన్ను ఆపింది. కుడివైపు మాత్రమే పెరిగి ఉంటే, నాడిని ఎక్కువ లాగాను, కొంచెం తగ్గిస్తాను అనుకుని అదే దారిలో పోయేవాణ్ణి. ముట్టని చేతిలో నొప్పి పెరగడానికి కుడి మణికట్టులోని ఇరుకు కారణం కాలేదు. నాడీ ప్రసార పరీక్షలో ఎడమ చేయి మామూలుగా ఉందన్న సంగతి కాగితం మీద మొదటి రోజు నుంచీ నా కళ్ళ ముందే ఉంది.

ఇంకో మాట కూడా రాయాలి. ఆ వారం స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి డాక్టరూ నేనూ మాట్లాడుకున్నాం. బ్రిటన్‌లో చేసి 2018లో ప్రచురించిన ఒక పెద్ద ట్రయల్‌లో ఒక్క ఇంజెక్షన్ రాత్రి పట్టీ కంటే ఆరు వారాల దగ్గర మెరుగైన ఉపశమనం ఇచ్చింది, ఆరు నెలల దగ్గర ఆ తేడా నిలవలేదు. కూలి పోతున్న మనిషికి ఆరు వారాల ఉపశమనం తక్కువేమీ కాదు. కానీ ఆమెకు సూది అంటే భయం, పైగా ఒళ్ళంతా సున్నితంగా ఉన్న ఆ వారంలో ఆ భయాన్ని దాటించి ఒప్పించడం నాకు సరైన పని అనిపించలేదు. చేతిలో ఉంచుకుందాం, అయిదో వారానికి మార్పు లేకపోతే అడుగుదాం అనుకున్నాం.

మళ్ళీ చదవడం

ఆ వారం చికిత్స ఆపి, పట్టీ ఒక్కటే కొనసాగించి, నేను ఈ జబ్బు మీదే చేసిన పరిశోధనలు తిరగేశాను. స్పెయిన్‌లో ఫెర్నాండెజ్ దె లాస్ పెన్యాస్ బృందం 2009లో, ఒక చేతికే కార్పల్ టనెల్ ఉన్న ఆడవాళ్ళలో కూడా రెండు చేతుల్లోనూ, మెడలోనూ, కాలిలోనూ ఒత్తిడి నొప్పి పరిమితి తగ్గి ఉంటుందని చూపించింది. అంటే నా రోగి వింత కేసు కాదు. అదే బృందం 2010లో 72 మంది ఆడవాళ్ళ మీద, ఎవరు ఫిజియోథెరపీకి బాగా స్పందిస్తారో ముందే చెప్పే సూత్రం ఒకటి తయారు చేసింది. మెడ కీలు మీద పరిమితి 137 కిలోపాస్కల్స్ (నా అల్గోమీటరులో దాదాపు 1.4 కేజీలు) కంటే తక్కువ ఉండడం, మణికట్టు మీద వేడికి నొప్పి 39.6 డిగ్రీల కంటే ముందే మొదలవడం, ప్రశ్నావళిలో తన ఆరోగ్యం గురించి రోగి ఇచ్చే సాధారణ ఆరోగ్య స్కోరు 100కు 66 దాటి ఉండడం (ఎక్కువైతే మంచిది) అన్నవి ఆ మూడు గుర్తులు.

మొదటి రెండు గుర్తుల దిశ చూసి నేను పుస్తకం మూసి మళ్ళీ తెరిచాను. సున్నితత్వం ఎక్కువ ఉన్నవాళ్ళే, తక్కువ కాదు, ఆ చికిత్సకు బాగా స్పందించారు. నేను డాక్టరుకు ఫోనులో చెప్పినదానికి ఇది సరిగ్గా తలకిందులు. కారణం ఆ చికిత్స ఏమిటో చూస్తే తెలుస్తుంది. అది నేను చేసినట్టు మణికట్టును పట్టుకుని లాగడం కాదు. మెడ నుంచి అరచేతి దాకా నాడి దారిలోని మెత్తటి కణజాలాలను మెల్లగా వదులు చేయడం, నాడిని లాగకుండా జార్చడం. నొప్పి వ్యవస్థ గొంతు పెంచి అరుస్తున్నవాళ్ళకు గొంతు తగ్గించే చికిత్స పనిచేసింది అనుకుంటే దిశ అర్థమవుతుంది.

అయితే ఈ సూత్రాన్ని నెత్తిన పెట్టుకోవడానికి కూడా నాకు మనసు ఒప్పలేదు. అది ఒకే చికిత్స తీసుకున్న ఒకే గుంపు నుంచి తీసినది. పోల్చడానికి ఇంకో గుంపు లేదు. ఆ గుర్తులు ఉన్నవాళ్ళు చికిత్స వల్ల బాగయ్యారా, చికిత్స లేకున్నా బాగయ్యే మనుషులా అన్నది అలాంటి అధ్యయనం చెప్పలేదు. వేడి పరిమితి కొలిచే యంత్రం నా దగ్గర లేదు, గోరువెచ్చని నీళ్ళ సీసాతో దాన్ని అనుకరించడం ఆటే అవుతుంది. ఆమెకు మెడ కొలత 1.2 కేజీలు, దాదాపు 118 కిలోపాస్కల్స్, కనుక మొదటి గుర్తు ఉంది. సాధారణ ఆరోగ్య స్కోరు మాత్రం 66కు చాలా కింద. కొలవగలిగిన రెండిటిలో ఒకటి అవును, ఒకటి కాదు. సూత్రం నాకు ఏ జవాబూ ఇవ్వలేదన్నమాట.

అదే బృందం 2015లో 120 మంది ఆడవాళ్ళను రెండుగా విడదీసి, సగం మందికి ఆపరేషన్, సగం మందికి ఇదే తరహా చేతి చికిత్స మూడు సార్లు చేసింది. నెలా, మూడు నెలల దగ్గర చేతి చికిత్స మెరుగు; ఆరు నెలలు, సంవత్సరం దగ్గర రెండూ సమానం. నాకు ధైర్యం ఇచ్చింది ఈ ట్రయల్. ఆమెకు ఆపరేషన్ తప్పదని తేల్చే కారణం నా దగ్గర లేదని, నేను చేసిన చికిత్సకూ వాళ్ళు చేసినదానికీ చాలా దూరం ఉందని ఒప్పుకోవలసి వచ్చింది. మొదటి రోజు కొలతలు ఫలితాన్ని చెప్పలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎంత మోతాదుతో మొదలుపెట్టాలో చెప్పాయి, నేను వినలేదు.

పనిచేసినది

మూడో వారం నుంచి వారానికి ఒకసారే రమ్మన్నాను. బస్సు ఖర్చూ తగ్గింది, ఒళ్ళు తేరుకోవడానికి సమయమూ దొరికింది. దూరం నుంచి దగ్గరికి రావడం అనే వరుస పెట్టుకున్నాను. మొదటి రెండు సార్లు మణికట్టును ముట్టనే లేదు. మెడలో అయిదు, ఆరు పూసల దగ్గర ఎడమవైపుకు మెల్లగా జార్చే కదలిక, మెడ పక్క కండరాలు, పెద్ద రొమ్ము కండరం కింద ఉండే చిన్న కండరం, మోచేతి మడత, ముంజేతి పైభాగం, అంతే. నొప్పి 3 దాటకూడదన్నది హద్దు. టెన్షనర్ తీసేసి స్లైడర్ ఇచ్చాను: మణికట్టు తెరిచినప్పుడు మోచేయి వంగాలి, మోచేయి చాచినప్పుడు మణికట్టు వంగాలి, నాడి ఒక కొస లాగుతుంటే ఇంకో కొస వదులవుతుంది. రోజుకు రెండు పూటలు, పూటకు అయిదు సార్లు. అయిదో వారం నుంచి మణికట్టు, అరచేయి.

ఆమెకు విషయం చెప్పడానికి పట్టిన సమయం ఏ కదలికకూ పట్టలేదు. సెన్సిటైజేషన్ అంటే నొప్పి నిజం కాదని డాక్టర్లు అంటున్నారు అనుకునే ప్రమాదం ఉంది, ఆ అవమానం ఆమె ఇంట్లో ఇదివరకే పడ్డారు. "మణికట్టు కాడ నరం ఇరుకున పడ్డది, అది నిజం. ఎనిమిది నెలలు నిద్ర లేక, ఆ నరం మోసుకపోయే కబురును పైన మెదడు పెద్దగ చేసి వింటున్నది, అది గూడ నిజం. రెండూ తగ్గియ్యాలె," అన్నాను. కొంచెంసేపు చూసి, "గందుకేనా కాలు మీద ఒత్తినవ్," అన్నారు. ఆ రోజు తరువాత ఇంటి వ్యాయామం ఒక్క రోజు కూడా తప్పలేదు.

పని విషయంలో నేను చెప్పిన సలహాల్లో సగం పనికిరాలేదు. గంటకోసారి ఆపండి అంటే గడియారం చూసుకుంటూ బీడీలు చుట్టేవాళ్ళు లేరు. బీడీలను ఇరవై అయిదింటి కట్టలుగా కడతారు. నాలుగు కట్టలు కాగానే లేచి నిలబడి, చేతులు వదిలేసి, అయిదు సార్లు స్లైడర్ అన్నాం. కట్టల లెక్క ఎలాగూ తప్పదు కనుక ఇది నిలిచింది. అన్నిటికంటే గట్టి పట్టు ఆకు కత్తిరించే కత్తెరది. దాన్ని సాన పట్టించారు, ఆకును ఇంకొంచెం బాగా తడిపి మెత్తబరచడం మొదలుపెట్టారు, కత్తిరింపు కోడలు తీసుకుంది. గోడకు వీపు ఆనించి, చాట కింద మెత్త పెట్టి ఎత్తు చేస్తే చుట్టేటప్పుడు మణికట్టు తక్కువ వంగుతుందని ఒక ఫొటో పంపించుకుని సరిచూసుకున్నాం.

అయిదో వారంలో రాత్రి మెలకువ నాలుగు నుంచి ఒకటికి దిగింది. బోస్టన్ స్కోరు మాత్రం 3.5 నుంచి 3.1 దాకానే వచ్చింది, చెప్పుకోదగ్గది కాదు. కానీ కాలి మీద పరిమితి 2.1 నుంచి 2.9కి పెరిగింది, మెడ 1.2 నుంచి 1.7కి. మణికట్టు కొలత కదలలేదు. ముట్టని కాలు ముందు మారి, జబ్బున్న మణికట్టు తరువాత మారడం నేను ఎదురుచూసిన వరుస కాదు. ఇంజెక్షన్ అడుగుదాం అనుకున్న గడువు ఆ వారమే. ఈ కొలతలూ నిద్రా చూసి ఇంకో నాలుగు వారాలు ఆగాం.

ఏడో వారం సద్దుల బతుకమ్మ మరునాడు వచ్చింది. తొమ్మిది రాత్రులు చప్పట్లు కొట్టిన చేతులు, ఆ ముందు రాత్రి రెండు గంటల నిద్ర. కొలిస్తే కాలు 2.2, మెడ 1.3; మొదటి రోజుకు తిరిగి వచ్చినట్టే. గుండె జారింది. కానీ తిమ్మిరి పెరగలేదు, మెలకువలు పెరగలేదు, ముఖంలో అలసట తప్ప బాధ లేదు. అయిదు రోజుల తరువాత మళ్ళీ పిలిచి కొలిస్తే కాలు 3.1. ఒక్క రోజు కొలత మీద నిర్ణయం తీసుకునేవాడి కాళ్ళ కింద నేల ఎలా కదులుతుందో ఆ వారం చూశాను. మొదటి రోజు నేను చేసిందీ అదే.

పన్నెండో వారానికి బోస్టన్ లక్షణాల స్కోరు 1.8, పని స్కోరు 1.6, కుడి మణికట్టు పరిమితి 2.7, కాలు 3.4. ఎడమ చేయి గురించి ఆమె మాట్లాడడం మానేసి అప్పటికి నెల దాటింది. ఇంజెక్షన్ అవసరం పడలేదు.

నేర్చుకున్నది

సున్నితత్వం కొలత ఆపరేషన్‌ను వాయిదా వేయడానికి సాకు కాకూడదు. బొటనవేలి కండ తగ్గుతున్నా, తిమ్మిరి పగలూ రాత్రీ విడవకుండా ఉన్నా, బలం వారం వారం పడిపోతున్నా అల్గోమీటరు ఏమి చూపించినా సర్జన్ దగ్గరికే పంపాలి. ఈ కేసులో నేను ప్రతి మూడు వారాలకూ కండనూ బలాన్నీ చూస్తూనే ఉన్నాను, అందుకే ఆగగలిగాను.

ముందుగుర్తు అనే మాట వాడినప్పుడు ఏ జబ్బులో, ఏ చికిత్సకు అని అడగడం నేను అలవాటు చేసుకున్నాను. ఒకే సున్నితత్వం మణికట్టును లాగే చికిత్సకు చెడ్డ గుర్తుగానూ, మెడ నుంచి మెల్లగా వచ్చే చికిత్సకు మంచి గుర్తుగానూ ఉండవచ్చు. ఈమె విషయంలో రెండూ ఒకే శరీరంలో, ఒకే నెలలో చూశాను. ఇప్పుడు రెండు వేరు వేరు రోజుల్లో కొలవకుండా ఫైలులో అంకె రాయను, ముందు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో ఆ అంకె పక్కనే రాస్తాను.

ఆమె బాగవడంలో మెడ చికిత్స వంతు ఎంత, తిన్నగా చేసిన పట్టీ వంతు ఎంత, కోడలు తీసుకున్న కత్తెర వంతు ఎంత అని విడదీసి చెప్పే వీలు ఒక్క కేసులో ఉండదు. ఆరో నెలలో మాత్రం దానికి చిన్న జవాబు అనుకోకుండా దొరికింది.

ఆరో నెల

తిరిగి చూపించుకోవడానికి వచ్చినప్పుడు చేసిన నాడీ ప్రసార పరీక్షలో మోటార్ లేటెన్సీ 4.7కు దిగింది, మెరుగే, పూర్తిగా మామూలు కాదు. బొటనవేలి కొసన కొద్దిగా మొద్దుదనం మిగిలింది. అంతకు ముందు పది రోజులు కోడలు తల్లిగారింటికి పోవడంతో కత్తెర మళ్ళీ ఆమె చేతికి వచ్చింది, మూడు రాత్రులు తిమ్మిరితో మెలకువ వచ్చిందట. నేను కాలి మీద కొలిచాను: 3.5. మెడ 2.0. మణికట్టు మాత్రం 2.7 నుంచి 2.1కి దిగింది. అలవాటుగా చేతుల బొమ్మ కాగితమూ, ఎర్ర పెన్నూ ఇచ్చాను. ఎడమ చేతి బొమ్మను ముట్టలేదు. కుడి చేతిలో బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు నింపి, ఉంగరపు వేలి దగ్గర ఆగి, తన వేలిని ఒకసారి తడిమి చూసుకుని, దానిలో నడిమివేలి వైపు సగానికి మాత్రం రంగు వేసి పెన్ను మూత పెట్టారు.

పట్టీ రాత్రుళ్ళు మళ్ళీ రెండు వారాలు కట్టుకోమని చెప్పాను. కోడలు వచ్చేదాకా రోజుకు అయిదు వందల బీడీలే చేస్తానని ఆమే అన్నారు.